బెజవాడలో మైకు టెస్టింగ్ లాంటి కచేరీ పెడితే ఎవరైనా వస్తారా?

కాలువగట్టు:

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

మేం ముగ్గురం ఫ్రెండ్స్. పగలంతా ఉద్యోగాలు, రాత్రయితే ఈ పిచ్చి. పాత రేడియోలు, సగం మీటలు పనిచేయని కీబోర్డులు, ఇంట్లో గ్రైండరు, దేన్నుంచి ఏ చప్పుడొస్తే దాన్ని పట్టుకుని కంప్యూటర్లో వేసి సాగదీసి, ముక్కలు చేసి, తిప్పి మళ్ళీ వినిపిస్తుంటాం. దీన్నే ప్రయోగాత్మక సంగీతం అంటారు. పీజో బిళ్ల అని ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరుకుతుంది, రూపాయి బిళ్లంత ఇత్తడి రేకు, దానికి రెండు వైర్లు అతికిస్తే అదే మైకు. గాల్లో చప్పుడు దానికి సరిగ్గా వినబడదు, ఏ వస్తువుకి అంటిస్తే ఆ వస్తువు లోపలి చప్పుడే వినబడుతుంది. ఒకరోజు తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజి రైలింగుకి అంటించి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాం. దూరంగా వచ్చేది ఆటోనా బైకా అన్నది చూడకుండానే చెప్పేయొచ్చు, మొత్తం ఇనుములోంచి పాకుతూ వచ్చేస్తుంది. అప్పటినుంచి మాకు నిద్రల్లేవు.

అసలు విషయానికొస్తా. బెంగళూరు, హైదరాబాద్‌లలో ఇలాంటివాళ్లంతా కలిసి ఒకట్రెండు రోజులు కచేరీలు పెట్టుకుంటారు. అలాంటిది మన ఊళ్లో చిన్నగా ఒక శనివారం సాయంత్రం, ఆదివారం పెడదామని. మొత్తం 6 ఐటమ్స్, ఇద్దరు బెంగళూరు నుంచి వస్తామన్నారు, టికెట్, భోజనం పెడితే చాలట. మా ముగ్గురి జేబుల్లోంచి 60 వేలు తీయగలం, అంతకంటే పైసా లేదు.

భయమేంటంటే పోయినేడాది ఒకసారి ట్రై చేశాం. ఊళ్లోనే ఒక మినీ హాలు, 40 కుర్చీలు వేయించాం. వచ్చింది 11 మంది. అందులో నలుగురు మా ఫ్రెండ్సే, ఒకాయన వాచ్‌మన్. మొదలెట్టిన 20 నిమిషాలకి ముందు వరసలో కూర్చున్న పెద్దాయన మెల్లగా లేచి నా దగ్గరకొచ్చి "మైకు టెస్టింగ్ అయిపోయిందా బాబూ, ప్రోగ్రాం ఎన్నింటికి మొదలు?" అనడిగాడు. నవ్వొచ్చింది కానీ ఆ రాత్రి బాగా ఏడుపొచ్చింది కూడా.

ఈసారి ఏ హాలు తీసుకోవాలి, టికెట్ పెట్టాలా వద్దా, దీన్ని ఏమని పిలవాలి, అసలు మన ఊరికి ఇది అవసరమా? తిట్టినా పర్లేదు, నిజం చెప్పండి.

బెంజ్‌సర్కిల్_రాజా:

బ్రో, తిట్టను గానీ అడుగుతా. ఆ 60 వేలు పెట్టి టీవీలో పాడిన సింగర్‌ని ఒకర్ని పిలిస్తే హాలు నిండుతుంది, నీ పేరూ వస్తుంది. గ్రైండరు చప్పుడు మా ఇంట్లో రోజూ ఫ్రీగానే వినబడుతోంది. ఇదంతా ఫారిన్ వాళ్లు కడుపు నిండి చేసుకునే పనులు, మనకెందుకు?

బాక్సుల_బాబాయ్:

నేను 22 ఏళ్ల నుంచి సౌండు పని చేస్తున్నాను. పెళ్లిళ్లు, మీటింగులు, హరికథలు, నాటక పరిషత్తులు, అన్నీ. ఈ కుర్రాడు చెప్పేది సంగీతమా కాదా అన్నది నాకు తెలీదు. కానీ ఎందుకు ఫెయిలయ్యాడో మాత్రం పోస్టు చదవగానే తెలిసిపోయింది. బాబూ, ఆ రోజు హాల్లో ఫ్యాన్లు ఎన్ని తిరుగుతున్నాయి? ఏసీ ఉందా? జనరేటర్ ఎక్కడ పెట్టారు? నీ ఐటమే గుసగుసలాంటి చప్పుళ్లయితే, దాని మీద 8 ఫ్యాన్లు గరగరలాడుతుంటే, జనానికి వినబడింది ఫ్యాన్లే. సినిమా పాటకి ఈ బాధ లేదు, ఎందుకంటే అది అన్నిటి మీదా ఎక్కి తొక్కుతుంది.

కాబట్టి మొదటి మాట, ఎండాకాలం వద్దు. డిసెంబర్, జనవరిలో పెట్టు, ఫ్యాన్లు ఆపినా జనం కూర్చుంటారు. కానీ ఆ నెలల్లో స్కూళ్ల యాన్యువల్ డేలతో హాళ్లు దొరకవు, అయ్యప్ప భజనలు కూడా అప్పుడే, అది చూసుకో. తుమ్మలపల్లి వారి కళాక్షేత్రం లాంటి పెద్ద హాలు ఆలోచన పెట్టుకోకు, అంత హాల్లో 50 మంది కూర్చుంటే నీకే దిగులేస్తుంది. రెండోది, ఓపెన్ ప్లేసులో పెడితే పోలీసు పర్మిషన్ కావాలి, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బాక్సులు మోగకూడదు, ఆస్పత్రి, స్కూలు, కోర్టు చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్. మూడోది, "గుయ్" మని వచ్చే హమ్మింగ్. మన కరెంటు 50 సైకిళ్లది, ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే ఆ 50 నీ ఐటమ్ మొత్తం వెనకాల శ్రుతిబాక్సులా నిలబడుతుంది. లాప్‌టాప్‌లు ఒక ప్లగ్గులో, సౌండ్ మిక్సర్ ఇంకో మూల ప్లగ్గులో పెట్టావంటే చచ్చినట్టు వస్తుంది. అన్నిటికీ ఒకే చోటు నుంచి కరెంటు తీసుకో.

ప్లాస్టిక్ కుర్చీలు కూడా వద్దు, ఒక్కడు కదిలితే కీచుమంటుంది. జంపఖానాలు వెయ్యి, పెద్దవాళ్లకి గోడవారగా ఓ పది కుర్చీలు చాలు.

మొన్న మా అబ్బాయి ఫోన్లో ఒకటి చూపించాడు, అమెరికాలో స్టీవ్ రైక్ అనే ఆయన 1968లో చేసిందట. మైకుల్ని పైనుంచి తాళ్లకి కట్టినట్టు వైర్లతో వేలాడదీసి, కింద బాక్సులు పెట్టి, మైకుల్ని ఊయల్లా వదిలేస్తారు. బాక్సు మీదకి వచ్చినప్పుడల్లా కూత, దాటిపోతే ఆగుతుంది. ఊపు తగ్గేకొద్దీ కూతలు దగ్గరవుతూ చివరికి మైకులన్నీ నిలబడిపోయి ఒకటే కూత. అప్పుడు వైరు పీకేస్తారు, అయిపోయింది. ఆ కూత రాకుండా చూడ్డానికే నా జీవితమంతా పోయింది, వీడు దాన్నే కచేరీ చేశాడు! రెండుసార్లు చూశాను. ఇంట్లో ట్రై చేద్దామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు.

సత్యనారాయణపురం_వీణ:

పోయినేడాది మీ ప్రోగ్రాంకి వచ్చిన 11 మందిలో నేనొకదాన్ని. 25 నిమిషాలకి లేచి వెళ్లిపోయిన నీలం చీర నేనే. చెప్పుల చప్పుడు చేసినందుకు సారీ.

ఎందుకు లేచానో చెబుతాను, మీకు పనికొస్తుంది. చప్పుళ్లు నచ్చక కాదు, తడిసిన రేకు మీద గోరుతో గీసినట్టు ఒకటి వచ్చింది చూడండి, అది నాకింకా గుర్తుంది. నేను లేచింది అది ఎంతసేపు ఉంటుందో తెలియక. మా కచేరీలో ఆలాపన అయితే తర్వాత కీర్తన వస్తుందని తెలుసు, మృదంగం వాళ్లు విడిగా వాయించే తని ఆవర్తనం మొదలైతే పెద్ద ఐటమ్ అయిపోవచ్చిందని తెలుసు, మంగళం పాడితే చెప్పులు వెతుక్కోవాలని తెలుసు. వినేవాడికి తాను ఎక్కడున్నాడో తెలుస్తూనే ఉంటుంది. మీ దాంట్లో ఆ గుర్తులేవీ లేవు. పది నిమిషాలా, రెండు గంటలా? ఇంట్లో పాలు కాచాలి కదా. ఈసారి గుమ్మం దగ్గర ఒక చార్టు మీద రాసి పెట్టండి, మొదటిది 12 నిమిషాలు, ఇది బ్యారేజి రైలింగు చప్పుడు, రెండోది 9 నిమిషాలు, ఇలా. రెండు ముక్కలు చాలు, థీసిస్ అక్కర్లేదు. చెప్పి వినిపిస్తే మజా పోతుందని మీవాళ్లు ఎవరైనా అంటే నమ్మకండి.

రాజా గారూ, ఫారిన్ అన్నారు కాబట్టి ఓ మాట. బాలమురళీకృష్ణ గారు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర నేర్చుకున్నది ఈ ఊళ్లోనే, తర్వాత ఇక్కడి సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా చేశారు. ఆయన నాలుగే స్వరాలతో మహతి అని రాగం కట్టారు, స గ ప ని, అంతే. సర్వశ్రీకి మూడే. రాగమంటే కనీసం ఐదు స్వరాలుండాలి, ఇవి రాగాలే కావని ఎంత గొడవ జరిగిందో మా గురువుగారు కథలు కథలుగా చెప్పేవారు. ఇవాళ పిల్లలు మహతిని మామూలు పాఠంలా వల్లిస్తున్నారు. మన ఊరికి ఇది కొత్తా?

ఇంకొకటి. తంబురాలో తీగలు ఆనే మెట్టు మీద తీగ కింద ఒక దారప్పోగు పెడతాం. దాన్ని వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరుపుతుంటే, అదే తీగ, అదే శ్రుతి, కానీ లోపల్నుంచి గాంధార స్వరం మొలకెత్తినట్టు వినబడుతుంది. నా దగ్గర ఒక్కో పిల్ల దానికోసం అరగంట కూర్చుంటుంది. ఆ మెట్టుకి మీ పీజో బిళ్ల అంటించి, ఒక పది నిమిషాలు ఆ దారం ఒక్కటే జరిపితే ఎలా ఉంటుందో వినాలనుంది. నేనే వచ్చి చేస్తాను, స్టేజీ మీద పేరు మాత్రం వెయ్యకండి, మా పేరెంట్స్ ఊరుకోరు. అంటే మా స్టూడెంట్ల పేరెంట్స్.

బెంజ్‌సర్కిల్_రాజా:

మేడమ్, బాలమురళి గారినీ గ్రైండరునీ ఒకే గాటన కట్టడం మాత్రం ఒప్పుకోను. ఆయన స్వరం తగ్గించారు, వీళ్లు స్వరమే తీసేశారు. తేడా లేదా?

ఒకప్పటి_రేడియో_శ్రోత:

తేడా ఉంది రాజా గారూ, చాలా ఉంది. కానీ స్వరం తీసేసిన పని కూడా ఇప్పటిది కాదు. మన ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబర్ 1న. అదే ఏడాది పారిస్ రేడియోలో పనిచేసే పియర్ షాఫర్ అనే ఇంజనీరు రైలింజన్ల చప్పుళ్లు రికార్డు డిస్కుల మీద పట్టి, వాటినే కోసి అతికినట్టు పేర్చి రేడియోలో వినిపించాడు. అప్పటికి ఆయన చేతిలో టేపు కూడా లేదు. ఏదో కళాకారుడి కొంపలో కాదు, రేడియో స్టేషన్‌లో పుట్టింది ఇది. పగలు ఉద్యోగం చేసుకునేవాడే చేశాడు.

మన దేశంలోనూ జరిగింది. 1969లో అహ్మదాబాద్‌లోని డిజైన్ విద్యాసంస్థ ఎన్‌ఐడీలో డేవిడ్ ట్యూడర్ అనే అమెరికా సంగీతకారుడు వచ్చి, కరెంటుతో చప్పుళ్లు పుట్టించే మూగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టించాడు, మనవాళ్లే నాలుగేళ్ల పాటు దానిమీద పనిచేశారు. ఆ టేపులు తర్వాత ఎవరూ పట్టించుకోక చాలా ఏళ్లు బీరువాల్లోనే పడి ఉండిపోయాయి. అదే అహ్మదాబాద్ నుంచి గీతా సారాభాయ్ అనే ఆవిడ 1946లో న్యూయార్క్ వెళ్లి, జాన్ కేజ్ అనే అమెరికా స్వరకర్తకి మన సంగీతం నేర్పి ఆయన దగ్గర వాళ్లది నేర్చుకుంది. ఆ కేజే 1952లో నాలుగు నిమిషాల ముప్పై మూడు సెకన్లు ఏమీ వాయించకుండా పియానో ముందు మనిషిని కూర్చోబెట్టాడు. కాబట్టి ఎవరిది ఎవరికి ఫారినో లెక్క తేలదు.

కాలువగట్టుకి నా సలహా ఒకటే, ఆ నాలుగు నిమిషాల నిశ్శబ్దం ఐటమ్ మాత్రం మన ఊళ్లో పెట్టొద్దు. రెండో నిమిషంలో టీ కుర్రాడు వచ్చి "ఎన్ని సార్?" అంటాడు.

ఆటోనగర్_లేతు:

పోస్టు మొత్తం చదివా. మాకు ఆటోనగర్‌లో షెడ్డుంది, నాన్న లారీ బాడీలు కడతారు. ఆదివారం లైనంతా మూసే ఉంటుంది, ఒక్క చప్పుడుండదు, పక్కన ఇళ్లు కూడా లేవు. మామూలు రోజు రావాలి మీరు, ఇద్దరు ఎదురెదురు నిలబడి ఒకే రేకుని సుత్తులతో కొడుతుంటారు, ఒకడిది పడేలోపు ఇంకొకడిది లేస్తుంది, చిన్నప్పుడు నేను దాని మీద హోంవర్క్ చేసుకునేవాణ్ని. నాన్నని అడిగా. "గ్రైండరు చప్పుడుకి డబ్బులిచ్చి వచ్చేవాళ్లుంటే మన షెడ్డుకి అద్దె ఎందుకురా, మనమే టికెట్ పెడదాం" అన్నారు. అంటే ఒప్పుకున్నట్టే. అద్దె వద్దు, తర్వాత ఊడ్చి ఇవ్వండి. ఒక మేస్త్రీ పది నిమిషాలు రేకు కొడతాడు, అది మీ ఐటమ్‌లో వేసుకోండి, ఆయన కూలీ మాత్రం ఇవ్వాలి.

కాలువగట్టు:

ఏం రాయాలో తెలీట్లేదు. వీణ మేడమ్, ఆ నీలం చీర మాకు బాగా గుర్తుంది. మీరు వెళ్లాక మేమే ఆపేశాం, సారీ చెప్పాల్సింది మేము. టైము చార్టు పెద్దక్షరాలతో గుమ్మం దగ్గరే పెడతాం, ఏ ఐటమూ 15 నిమిషాలు దాటదు. రెండు రోజులు వద్దు, జనవరిలో ఒక్క ఆదివారం సాయంత్రం 4 నుంచి 7 దాకా చేస్తాం, సంక్రాంతి హడావుడి అయ్యాక. టికెట్ 100 పెడతాం, ఫ్రీ అంటే వస్తానని రారు. పోస్టర్లు పుస్తకాల పండగలో పంచుతాం, అక్కడికొచ్చే జనమే దీనికి కాస్త ఓపిక పడతారు. ప్రయోగాత్మక సంగీతం అని ఎక్కడా రాయం. పేరు ఇంకా అనుకోలేదు, "టెస్టింగ్" అని పెట్టేద్దామా అని మావాడు అంటున్నాడు, ఆ పెద్దాయన గౌరవార్థం.

రాజా బ్రో, నీకు టికెట్ ఫ్రీ. నచ్చకపోతే బయట నిలబడి తిట్టు, రికార్డు చేసుకుంటాం.

బెంజ్‌సర్కిల్_రాజా:

వస్తా. ముందే చెబుతున్నా, నచ్చదు.

బాక్సుల_బాబాయ్:

పేరు సంగతి తర్వాత. షెడ్డు పైన రేకులేనా? రేకులైతే ఎకో బాగా కొడుతుంది, వెనక గోడకి పరదాలు కట్టాలి, పెళ్లి డెకరేషన్ వాళ్ల దగ్గర పాతవి దొరుకుతాయి, నేను అడుగుతా. అక్కడ త్రీ ఫేజా సింగిల్ ఫేజా? వెల్డింగ్ మెషిన్ ఉన్న లైను నుంచి మాత్రం కరెంటు తీసుకోవద్దు. ఈ శనివారం సాయంత్రం నేను ఆటోనగర్ వైపే వస్తున్నా, మీలో ఎవరైనా అక్కడుండండి, మీటరు బోర్డు చూడాలి.