మంత్రంతో జరిగిన హత్యను డిటెక్టివ్ తేల్చగలదా?

రాతగాడు:
నేను రాస్తున్న నవల హైదరాబాద్‌లో, ఈ రోజుల్లోనే జరుగుతుంది. మెట్రో ఉంది, ఆటోలున్నాయి, కొద్దిమందికే తెలిసిన మంత్రమూ ఉంది. గోల్కొండ కోటలో, కొండ పైనున్న బాలాహిస్సార్ మంటపం దగ్గర ఒక కాపలాదారు చనిపోయి కనిపిస్తాడు. ఒంటి మీద గాయం లేదు. అనుమానం ఉన్న మనిషి ఆ సాయంత్రం కింద కోట ద్వారం, ఫతే దర్వాజా దగ్గరే ఉన్నాడని సాక్షులు చెప్తారు. నిజానికి చంపింది వాడే, మంత్రంతో. ఎవరి పేరు పెట్టి పలికితే వాళ్లు వినాలి, వింటేనే చస్తారు. మంత్రానికున్న ఈ హద్దును మూడో అధ్యాయంలోనే పాఠకుడికి చెప్పాలా, చివరిదాకా దాచాలా? చదివిపెట్టిన స్నేహితులు రెండుగా చీలిపోయారు.

అబిడ్స్ ఫుట్‌పాత్:
చెప్పితీరాలి. ఆదివారం అబిడ్స్‌లో కొన్న పాత డిటెక్టివ్ నవలలు, ముఖ్యంగా కొమ్మూరి సాంబశివరావువి, చదువుతూ పెరిగినవాణ్ణి. చివరి అధ్యాయం ముందు పుస్తకం మూసి, హంతకుడెవరో మనమే తేల్చుకోవడంలో ఉంది అసలు మజా. రోనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. మానవాతీత శక్తులు కూడదన్నది అందులో ఒకటి. ఆయన క్రైస్తవ మతగురువు, మహిమల్ని కొట్టిపారేసే మనిషి కాదు. అయినా కథలో వద్దన్నాడంటే, పాఠకుడు ఊహించే దారి మూసుకుపోతుందనే అని నాకనిపిస్తుంది. ఆ దారి తెరిచి ఉంచితే మంత్రం ఉన్నా నాకు అభ్యంతరం లేదు. మంత్రం ఏం చేయగలదన్నది తర్వాత చెప్పినా ఫర్వాలేదు. ఏం చేయలేదో మాత్రం హత్యకు ముందే తెలియాలి.

కోఠీ కథకురాలు:
నేను ఒప్పుకోను. ఇంత దూరమే పనిచేస్తుంది, ఇలా అయితేనే పనిచేస్తుంది అని ముందే చెప్పేస్తే అది మంత్రం కాదు, కరెంటు. స్విచ్చి ఎవరు వేశారని వెతకడమే మిగులుతుంది. భయం ఏది? అర్ధరాత్రి బజారు మూశాక చార్మినార్ వెనక గల్లీల్లో ఒంటరిగా నడిచి చూడండి. అక్కడ ఏముందో తెలియకపోవడమే ఒళ్లు జలదరించేలా చేస్తుంది. దాన్ని తీసేశాక ఈ నవలకు గోల్కొండ ఎందుకు, గచ్చిబౌలిలో ఏ ఆఫీసైనా సరిపోతుంది.

అబిడ్స్ ఫుట్‌పాత్:
మరి బాలనాగమ్మ కథో? మాయల ఫకీరు మనుషుల్ని రాళ్లను చేయగలడు. అంతటివాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంది. ఆ రహస్యాన్ని వాడి నోటే రాబట్టింది బాలనాగమ్మ. అది పరిశోధన కాక మరేమిటి? హద్దు తెలిశాక వినేవాళ్లకు భయం తగ్గిందా?

కోఠీ కథకురాలు:
తగ్గలేదు, నిజమే. కానీ ఆ కథలో దోషి ఎవరన్న ప్రశ్నే లేదు కదండీ. ఫకీరని మొదటినుంచీ తెలుసు. ఆయన నవల నిలబడాల్సిందే ఆ ప్రశ్న మీద.

టోలిచౌకి పోరడు:
అన్నా, గోల్కొండ దగ్గరోణ్ణి, ఒక మాట చెప్త. ఫతే దర్వాజ గుమ్మటం కింద గైడు చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్ల ఇనవడతది. దగ్గర దగ్గర కిలోమీటరు ఉంటది. ఆ జాగల నిలబడి కొట్టాలె, ఏడ పడితే ఆడ కొడితే రాదు. కోట చూసినోళ్లందరికి ఎర్కే. మంత్రం ఇనాలె అని మూడో అధ్యాయంల చెప్పుండ్రి, గైడు చప్పట్లు ఇంకో అధ్యాయంల, పిల్లలు ఆడుకుంటున్నట్టు పెట్టుండ్రి. రెండిట్ని కలుపుకునేటోడు కలుపుకుంటడు. ఇంకోటి, సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో నడుస్తది. ఆ స్పీకర్ల మోతల కిందికెళ్లి అన్న మాట పైకి ఇనవడుతదా? అంటే సచ్చింది షో ముందటనన్న అయ్యుండాలె, అయిపోయినంకనన్న అయ్యుండాలె.

రాతగాడు:
తమ్ముడూ, షో మోతలో మాట వినపడదన్న సంగతి నాకు తట్టనే లేదు. నా సాక్షులు వాణ్ణి చూశామని చెప్పేది షో నడుస్తున్నంతసేపే. షో మొదలవకముందు వాడు గుమ్మటం కింద ఉన్నాడా లేదా అన్నది ఎవరూ అడగలేదు. నా డిటెక్టివ్ అడగాల్సిన ప్రశ్న అదే. మంత్రానికి హద్దు పెట్టకపోతే ఆమెకు ఈ ప్రశ్నే దొరికేది కాదు. మూడో అధ్యాయంలో చెప్పేస్తాను.

కోఠీ కథకురాలు:
ఆ ప్రశ్న బాగుంది, కాదనను. ఒక్కటి మాత్రం వదులుకోను. ఆ మంత్రం మొదట ఎవరి నోట పుట్టింది, వాడి దాకా ఎలా వచ్చింది అన్నది ఆఖరి పేజీలో కూడా చెప్పకండి.

అబిడ్స్ ఫుట్‌పాత్:
హంతకుణ్ణి పట్టుకోవడానికి అది అక్కర్లేకపోతే దాచుకోండి. అక్కరకొస్తే మాత్రం నేను ఒప్పుకోను.