థర్మల్ ప్యాడ్‌లో వయాలకు డ్రిల్ ఎంత పెట్టాలి?

నాలుగు లేయర్ల సర్క్యూట్ బోర్డు, మందం 1.6 మి.మీ. దాని మీద 12 వోల్టులను 5 వోల్టులకు దించే బక్ కన్వర్టర్ ఐసీ ఉంది. ప్యాకేజీ 5×5 మి.మీ. క్యూఎఫ్‌ఎన్ (కాళ్లు బయటికి రాని చదునైన రకం), అడుగున వేడిని బోర్డులోకి దించే థర్మల్ ప్యాడ్ 3.4 మి.మీ. చదరం. గొడవంతా ఆ ప్యాడ్‌లో వేసిన వయాలతోనే (వేడిని కింది లేయర్లకు చేర్చే, లోపల రాగి పూత ఉన్న సన్నని రంధ్రాలు).

మొదట 0.5 మి.మీ. డ్రిల్‌తో 9 వయాలు పెట్టాను. రీఫ్లోలో (సోల్డర్ పేస్టును వేడితో కరిగించి అతికించేటప్పుడు) సోల్డర్ రంధ్రాల్లోంచి జారిపోయి, వెనకవైపు ఆవగింజల్లా గుండ్లు కట్టింది. హాట్ ఎయిర్‌తో ఐసీ ఊడదీసి చూస్తే ప్యాడ్ మీద సగం చోట సోల్డరే లేదు! 3 ఆంపియర్ల లోడ్‌కి పావుగంటలో 104 డిగ్రీలు.

రెండోసారి 0.3 మి.మీ.కి తగ్గించి 16 పెట్టాను. వేడి 91కి దిగింది కానీ, పది బోర్డుల్లో నాలుగింటికి గుండ్లు ఇంకా వస్తున్నాయి. స్టెన్సిల్‌లో (పేస్టు పూయడానికి వాడే రంధ్రాల రేకు) ప్యాడ్ భాగాన్ని కిటికీ గళ్లలా విడగొట్టి పేస్టును 60 శాతానికి తగ్గించినా పెద్దగా తేడా లేదు. వెనకవైపు వయాలను సోల్డర్ మాస్క్‌తో (బోర్డు మీద వేసే రక్షణ పూత) మూయిస్తే, లోపల చిక్కిన గాలి వేడికి ఉబ్బి మాస్క్ అక్కడక్కడా పగిలింది.

పోనీ 0.2కి వెళదామంటే మందానికీ రంధ్రానికీ నిష్పత్తి 8:1 అవుతోంది. లోపల రాగి పూత సరిగ్గా పడుతుందని హామీ ఇవ్వలేమని బోర్డు తయారుచేసేవాళ్లు ముందే చెప్పేశారు. రెసిన్‌తో నింపి పైన రాగి వేయించడం నా బడ్జెట్‌కి అందదు.

ఇదే మందం బోర్డులో, వయాలు నింపించకుండా, సోల్డర్ జారకుండా మీకు పనిచేసిన డ్రిల్ సైజు ఎంత, ఎన్ని వయాలు పెట్టారు?