ఏడో నెలలో మళ్లీ మలేరియా, కాన్పుకి విశాఖలో ఎక్కడ చూపించాలి?

నమస్తే అండీ, మేం గాజువాకలో ఉంటాం. మా చెల్లిది పాడేరు దగ్గర ఊరు, ఇప్పుడు ఏడో నెల. ఆమధ్య వైవాక్స్ మలేరియా వస్తే క్లోరోక్విన్‌తో తగ్గింది, ఇప్పుడు మళ్లీ చలిజ్వరం, రక్తపరీక్షలో అదే తేలింది. ఈ రకం కాలేయంలో దాక్కుని తిరగబెడుతుందట, దాన్ని పూర్తిగా పోగొట్టే ప్రైమాక్విన్ గర్భిణులకు ఇవ్వకూడదు కాబట్టి కాన్పు అయ్యేదాకా ఆగాలన్నారు. హిమోగ్లోబిన్ 8 ఉంది. నా టెన్షన్ అంతా అదే, జ్వరం వచ్చిన ప్రతిసారీ రక్తం ఇంకా తగ్గుతుంది, బిడ్డ కూడా బరువు తక్కువగా పుట్టొచ్చు. ఆశా కార్యకర్త పాపం బాగానే చూస్తోంది, దోమతెర కూడా ఇచ్చారు, కానీ గట్టి వాన పడితే ఆ ఊరికి అంబులెన్స్ రాదు, రోడ్డు దాకా డోలీలో మోసుకురావాల్సిందే.

అందుకే ముందే ఇక్కడికి తెచ్చేద్దామనుకుంటున్నాం. ఇలాంటి కేసుకి కేజీహెచ్ మంచిదా, ఘోషా ఆసుపత్రా? ప్రతి నెలా 9న గర్భిణులకు చేసే ఉచిత పరీక్షలకి వాళ్ల ఊళ్లో ఇచ్చిన తల్లీబిడ్డ కార్డుతో వెళ్తే చూస్తారా, మళ్లీ పేరు రాయించుకోవాలా? రక్తం ఎక్కించాల్సి వస్తే దాతలను మనమే తీసుకెళ్లాలా? కాన్పయ్యాక పాలిస్తూ ప్రైమాక్విన్ వాడినవాళ్లు ఎవరైనా ఉంటే, జీ6పీడీ పరీక్ష (ఆ మందు పడుతుందో లేదో ముందే చూసే రక్తపరీక్ష) తల్లికే చేశారా బిడ్డకి కూడానా, అది కూడా చెప్పండి ప్లీజ్.