రగాసా తుపాను: హాంకాంగ్ పదో నంబరు హెచ్చరికను ఎలా అర్థం చేసుకోవాలి?

విశాఖ తీరం (22 సెప్టెంబరు 2025, రాత్రి)

మా అమ్మాయి, అల్లుడు, నాలుగేళ్ల మనుమరాలు హాంకాంగ్ ద్వీపం తూర్పు కొసన ఉన్న హెంగ్ ఫా చ్యూన్‌లో, సముద్రానికి ఎదురుగా ఉన్న భవనంలో పదహారో అంతస్తులో ఉంటున్నారు. ఫిలిప్పీన్స్ ఉత్తర కొసను తాకిన రగాసా తుపాను ఇప్పుడు అటే వెళుతోందని, రేపు ఎనిమిదో నంబరు హెచ్చరిక, ఆ తరువాత అవసరమైతే తొమ్మిది, పది కూడా ఎత్తవచ్చని అమ్మాయి ఫోనులో చెప్పింది. ఇంట్లో సరుకులు తెచ్చి పెట్టుకున్నామని, భయపడవలసినది లేదని అంటోంది.

హుద్‌హుద్‌ను చూసిన వాళ్లం కనుక పదో నంబరు అన్న మాట వింటేనే మా ఇంట్లో అందరికీ గుండె జారుతోంది. మన రేవుల్లో ఎగురవేసే పదో నంబరు, అక్కడి పదో నంబరు ఒకటేనా? అంత ఎత్తులో ఉండటం మంచిదా, కాదా? విమానాలు చాలా వరకు రద్దయ్యాయి కనుక రమ్మని పిలిచే వీలు కూడా లేదు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

గాలివాటం

అయ్యా, రెండూ ఒకటి కావు, తేడా చిన్నది కూడా కాదు. మన రేవుల్లో 1 నుంచి 11 వరకు ఉన్న హెచ్చరికలు ముఖ్యంగా ఓడల కోసం ఏర్పడినవి. తీవ్రమైన తుపాను రేవుకు ఏ పక్కగా తీరం దాటబోతోంది అన్నదాన్ని బట్టి ఎనిమిదో, తొమ్మిదో ఎగురవేస్తారు. రేవు మీదుగానో, దానికి అతి సమీపంలోనో దాటుతుందనుకుంటే పదో నంబరు వేస్తారు. అంటే మన పదో నంబరు తుపాను దారిని గురించి చెప్పే మాట.

హాంకాంగ్ అబ్జర్వేటరీ, అంటే అక్కడి వాతావరణ కేంద్రం, వాడే నంబర్లు 1, 3, 8, 9, 10 మాత్రమే. అవి నగరంలో వీచే గాలి వేగాన్ని చెబుతాయి. నిలకడగా వీచే గాలి గంటకు 41 నుంచి 62 కిలోమీటర్లు ఉంటే మూడో నంబరు, 63 నుంచి 117 వరకు ఎనిమిదో నంబరు, 118 చేరితే పదో నంబరు. ఎనిమిదో నంబరులో మళ్లీ ఏ దిక్కు గాలి అన్నదాన్ని బట్టి నాలుగు రకాలు ఉన్నాయి. 1973కు ముందు వాటికే 5, 6, 7, 8 అని వేరు వేరు నంబర్లు ఉండేవి. కనుక అక్కడ పదో నంబరు ఎత్తినంత మాత్రాన తుపాను కన్ను నగరం మీదికి వస్తోందని అర్థం కాదు. 2018లో మాంగ్‌ఖుట్ తుపాను హాంకాంగ్‌కు దక్షిణంగా సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి పోయింది, అయినా పదో నంబరు పది గంటల పాటు నిలిచింది.

కౌలూన్ వాసి

పై వివరణ సరైనదే. నేను మాంగ్‌ఖుట్‌ను ఇక్కడే ఉండి చూశాను కనుక ఇంటి లోపలి సంగతులు చెబుతాను. ఎత్తైన భవనం గాలికి ఊగుతుంది. దీపాలు ఊగడం, బకెట్టులో నీళ్లు తొణకడం కనిపిస్తుంది. తెలియని వారికి అది భూకంపంలా అనిపిస్తుంది కానీ, ఇక్కడి భవనాలను ఆ ఊగుడును లెక్కలోకి తీసుకొనే కడతారు. అసలు ప్రమాదం కిటికీ అద్దాలది. అద్దాల మీద అడ్డదిడ్డంగా టేపు అంటించడం ఇక్కడ దాదాపు ఆచారంగా మారింది కానీ, టేపు అద్దానికి బలం ఇవ్వదు. పగిలితే పెంకులు చెల్లాచెదురు కాకుండా కొంత ఆపుతుందేమో, అంతే. గాలి ఉద్ధృతంగా ఉన్నంతసేపు పాపను కిటికీలు లేని నడవలోనో, లోపలి గదిలోనో ఉంచమని చెప్పండి. బాల్కనీలో పూలకుండీలు, బట్టలు ఆరేసే కర్రలు ఉంటే ఈ రాత్రే లోపలికి తీయించండి.

పదహారో అంతస్తుకు సముద్రం రాదు. అయితే హెంగ్ ఫా చ్యూన్‌లో మాంగ్‌ఖుట్ నాడు అలలు కట్టను దాటి నడకదారులను, భవనాల కింది భాగాలను ముంచాయి. కారు నేల కింది పార్కింగులో ఉంటే ఇప్పుడే ఎత్తైన చోటికి మార్చుకోవాలి, కిందికి దిగి అలలు చూసే సరదా ఎవరికీ ఉండకూడదు.

మరొక విషయం. మాంగ్‌ఖుట్ ఆదివారం వచ్చింది, సోమవారం ఉదయం కార్యాలయాలు యథావిధిగా తెరిచారు. వేలాది చెట్లు కూలి, రోడ్లు మూసుకుపోయి, రైళ్లు సరిగా నడవక, తై వాయ్ స్టేషనులో జనం ఇసుక వేస్తే రాలనంతగా నిలబడిపోయారు. ఆ విమర్శల తరువాతే, 2019లో, హెచ్చరిక దించిన తరువాత కూడా ఉద్యోగులను ఇళ్లలోనే ఉండమని ప్రభుత్వం ప్రకటించే ఏర్పాటు వచ్చింది. కనుక అల్లుడుగారిని హెచ్చరిక దించీ దించగానే బయలుదేరవద్దని చెప్పండి.

ఎంవీపీ కాలనీ

హుద్‌హుద్ రోజున, 2014 అక్టోబరు 12న, మధ్యాహ్నం కన్ను మా మీదుగా పోతున్నప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. అంతా అయిపోయిందనుకుని జనం వీధుల్లోకి వచ్చారు, కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడింది. హాంకాంగ్‌లో కూడా అలా జరగవచ్చా? అంత ధనిక నగరం కనుక ప్రమాదం తక్కువని మాత్రం నేను నమ్మలేకపోతున్నాను. అద్దాల విమానాశ్రయం మాకూ ఉండేది.

గాలివాటం

కన్ను నగరం మీదుగా పోతేనే ఆ నడిమి నిశ్శబ్దం వస్తుంది. రగాసా నగరానికి దక్షిణంగా పడమటి దిక్కుకు పోతుందని అంచనా వేస్తున్నారు కనుక దానికి అవకాశం తక్కువ. కానీ దక్షిణంగా పోవడంలో వేరే చిక్కు ఉంది. మన అర్ధగోళంలో తుపాను గాలులు గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి కనుక, తుపాను సాగే దారికి కుడిపక్కన గాలి వేగానికి దాని నడక వేగం కూడా కలుస్తుంది. పడమటికి పోయే తుపానుకు కుడిపక్క ఉత్తరం, హాంకాంగ్ ఉన్నది అక్కడే. తూర్పు, ఆగ్నేయ గాలులు సముద్రాన్ని నేరుగా తీరం మీదికి తోస్తాయి. 1977 నవంబరు 19న తుపాను చీరాల దగ్గర తీరం దాటితే ఉప్పెన దానికి కుడిపక్కనున్న దివిసీమను ఎందుకు ముంచిందో ఇక్కడి వారికి వేరే చెప్పనక్కరలేదు.

ఉప్పెన ఎత్తు ఒక్కటే చూస్తే కూడా సరిపోదు, అది ఏ వేళకు వస్తుందన్నది చూడాలి. 1962లో వాండా తుపాను హాంకాంగ్ రేవులో తెచ్చిన ఉప్పెన 1.77 మీటర్లు, మాంగ్‌ఖుట్ తెచ్చినది 2.35 మీటర్లు. అయినా మొత్తం నీటిమట్టం వాండా నాడు 3.96 మీటర్లకు చేరింది, మాంగ్‌ఖుట్ నాడు 3.88 దగ్గరే ఆగింది. కారణం, వాండా సముద్రపు పోటు వేళకు వచ్చింది. 2017 ఆగస్టు 23న వచ్చిన హాటో కూడా అంతే; అమావాస్య వెళ్లిన రెండో రోజున, పోటు మీద ఉప్పెన ఎక్కి, పొరుగునున్న మకావులో వీధులు మునిగి పది మంది చనిపోయారు. ఈసారి మహాలయ అమావాస్య నిన్ననే వెళ్లింది. నీటిమట్టం 2017, 2018 నాటి స్థాయికి చేరవచ్చని అబ్జర్వేటరీ చెప్పడం ఊరికే కాదు. మీ అమ్మాయిగారు గాలి నంబరుతో పాటు పోటు వేళలను కూడా చూసుకుంటూ ఉంటే మంచిది.

కౌలూన్ వాసి

ఒక మాట కలుపుతాను. తుపాను దాటిపోయిన తరువాత వచ్చే వానను కూడా తేలికగా తీసుకోవద్దు. 2023 సెప్టెంబరు మొదట్లో సావోలా పదో నంబరుతో వచ్చి పెద్ద నష్టం లేకుండా పోయింది. వారం తిరగకుండానే హైకుయ్ అనే తుపాను మిగులు మేఘాలు ఒక్క గంటలో 158.1 మిల్లీమీటర్ల వాన కురిపించాయి. 1884 నుంచి ఉన్న రికార్డుల్లో అదే ఎక్కువ. మెట్రో స్టేషన్లలోకి నీళ్లు వచ్చాయి, కొండచరియలు జారాయి. ఆ వేళకు ఒకటో నంబరు హెచ్చరిక కూడా లేదు.

విశాఖ తీరం (24 సెప్టెంబరు 2025, సాయంత్రం)

అందరికీ కృతజ్ఞతలు. పిల్లలు క్షేమంగా ఉన్నారు. తెల్లవారుజామున ఎత్తిన పదో నంబరును పది గంటలు దాటిన తరువాత, మధ్యాహ్నం దించారట. భవనం ఊగుతుందని మీరు ముందే చెప్పి ఉండకపోతే అమ్మాయి బెదిరిపోయేదే. పాపను నడవలో పరుపు వేసి పడుకోబెట్టారు. హాంకాంగ్ ద్వీపం దక్షిణ తీరంలో ఒక హోటలు అద్దాల తలుపులను అలలు బద్దలు కొట్టి లోపలికి దూకిన వీడియోను అల్లుడు పంపాడు. చూసి ఆయన కూడా ఇంకా గడప దాటలేదు.

ప్రాణనష్టం మాత్రం ఎవరూ అనుకోని చోట జరిగింది. తైవాన్‌లో హువాలియెన్ దగ్గర కొండచరియలు విరిగిపడి ఏర్పడిన సరస్సు ఈ వానకు పొంగి, కట్ట తెంచుకుని గ్వాంగ్‌ఫు మీద పడి పది మందికి పైగా చనిపోయారు. తుపాను కేంద్రం తైవాన్‌ను తాకనే లేదు. ఆ సరస్సు కొన్ని వారాలుగా అక్కడే ఉందని, దిగువ ప్రజలకు ముందుగా హెచ్చరికలు కూడా వెళ్లాయని చదివాను. మరి అంతమంది ఎందుకు ఉండిపోయారో గాలివాటం గారు వీలున్నప్పుడు వివరిస్తే చదవాలని ఉంది.