సింబల్ టైమింగ్ కోసం ఏడీసీ గడియారాన్ని మార్చాలా, ఇంటర్‌పొలేషన్ సరిపోతుందా?

ప్రశ్న (అనంతపురం, ఎంటెక్ విద్యార్థి)

అందరికీ నమస్కారం. ప్రాజెక్టు కోసం ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌తో (రేడియో సిగ్నల్‌ను కంప్యూటర్‌కు అందించే చవక యూఎస్‌బీ పరికరం) క్యూపీఎస్‌కే (ఒక్కో సింబల్‌లో రెండు బిట్లు పంపే మాడ్యులేషన్) రిసీవర్ ప్రోగ్రాము రాస్తున్నాను. సింబల్‌కు రెండు శాంపిళ్ల చొప్పున తీసుకొని, మ్యాచ్‌డ్ ఫిల్టర్ (పంపిన పల్స్ ఆకారానికి సరిపోయి నాయిస్‌ను తగ్గించేది) తరువాత గార్డ్‌నర్ పద్ధతిలో టైమింగ్ ఎర్రర్‌ను లెక్కగట్టి, లీనియర్ ఇంటర్‌పొలేషన్‌తో (పక్కపక్క శాంపిళ్ల మధ్య సరళ రేఖ గీసినట్టు అంచనా కట్టి) సరైన క్షణంలోని విలువను రాబడుతున్నాను. సుమారు 10,000 సింబళ్ల వరకు కాన్‌స్టెలేషన్‌లో (సింబళ్ల విలువలను చుక్కలుగా చూపే పటంలో) నాలుగు గుంపులూ విడివిడిగా ఉంటాయి. తరువాత ఇంచుమించు అన్నే సింబళ్ల పాటు చెదిరిపోయి, మళ్లీ వాటంతట అవే కుదురుకుంటాయి. అప్పటికి బిట్ల వరుస రెండు స్థానాలు జరిగిపోయి ఉంటుంది. డాంగిల్‌లోని ఏడీసీ (సిగ్నల్‌ను అంకెల శాంపిళ్లుగా మార్చే భాగం) గడియారాన్ని ట్రాన్స్‌మిటర్‌తో కలిపితే తప్ప ఇది సాధ్యం కాదా?

జవాబు 1 (కర్నూలు, అధ్యాపకుడు)

గడియారాన్ని ముట్టుకోనక్కరలేదు. ఏడీసీ తన వేగంతో తాను నడుస్తుంటే, కావలసిన క్షణాన్ని లెక్కతో పట్టుకోవడానికే ఇంటర్‌పొలేషన్ ఉంది. ఫ్లాయిడ్ గార్డ్‌నర్ 1993 నాటి ఐఈఈఈ వ్యాసంలో దీన్ని వివరంగా చెప్పారు.

కారణం మీ అంకెలలోనే ఉంది. 10,000 సింబళ్లంటే 20,000 శాంపిళ్లు. అంతలో ఒక్క శాంపిల్ జారిందంటే రెండు గడియారాల మధ్య తేడా 50 పీపీఎం (పది లక్షలకు 50). చవక క్రిస్టళ్లకు అది మామూలే. ఆ జారుడుకు మ్యూ (రెండు శాంపిళ్ల మధ్య కావలసిన క్షణం ఎక్కడుందో 0 నుంచి 1 లోపు చెప్పే భిన్నం) విలువ క్రమంగా పెరిగి 1 దాటుతుంది. అప్పుడు మీ ప్రోగ్రాము మ్యూను 0కు తెచ్చి, శాంపిల్ ఇండెక్స్‌ను మాత్రం ఎప్పటిలాగే రెండే జరుపుతోందని నా అనుమానం. అలా జరిగితే ఒక్కసారిగా అర సింబల్ వెనక్కి పడ్డట్టే. లూప్ (టైమింగ్ ఎర్రర్‌ను బట్టి మ్యూను సవరించే ఫీడ్‌బ్యాక్) దాన్ని 0 కిందికి లాగుతుంది, అది తిరిగి 1 దగ్గర తేలుతుంది, అక్కడి నుంచి మళ్లీ పైకి పోతుంది. మరో శాంపిల్ జారి పాత సింబల్ మళ్లీ అందేదాకా ఇలా అంచునే కొట్టుకుంటుంది. మీకు అదనంగా వచ్చిన రెండు బిట్లు ఆ సింబల్‌వే. మ్యూ 1 దాటినప్పుడు ఇండెక్స్‌ను మూడు, 0 కిందికి పోయినప్పుడు ఒకటి జరపండి. ముందుగా మ్యూ గ్రాఫ్ గీసి చూడండి.

జవాబు 2 (కడప, మోడెమ్ డిజైన్ ఇంజనీరు)

సార్ చెప్పింది నిజం. దానితో పాటు లీనియర్ ఇంటర్‌పొలేషన్‌ను కూడా వదిలేయమని నా సలహా. మ్యూ 0.5 వద్ద అది పక్కపక్క శాంపిళ్ల సగటు మాత్రమే కనుక, సింబల్ రేటులో సగం ఫ్రీక్వెన్సీ వద్ద సిగ్నల్ శక్తి 3 డీబీ, అంటే సగానికి పడిపోతుంది. నాలుగు శాంపిళ్ల క్యూబిక్ అయితే అదే చోట గుణకాలు -1/16, 9/16, 9/16, -1/16 అవుతాయి, నష్టం ఇంచుమించు 1 డీబీకి తగ్గుతుంది. 1988లో ఫారో ప్రతిపాదించిన నిర్మాణంలో ఫిల్టర్ గుణకాలు మారవు, మ్యూ ఒక్కటే మారుతుంది. గుణకాల పట్టికలు దాచుకునే పని ఉండదు.

అనంతపురం విద్యార్థి

ధన్యవాదాలు సార్. గ్రాఫ్‌లో చెదిరిన భాగమంతా మ్యూ 0కూ 1కీ మధ్య ఎగిరిపడుతూనే ఉంది. ఇండెక్స్ సవరించాక బిట్ల వరుస నిలకడగా వస్తోంది. రోల్-ఆఫ్‌ను (కనీస అవసరానికి మించి వాడే అదనపు బ్యాండ్‌విడ్త్ వంతును) 0.5 నుంచి 0.2కు తగ్గిస్తే మాత్రం మ్యూ వణుకుతోంది. ఇది కూడా ఇంటర్‌పొలేషన్ లోపమేనా?

జవాబు 3 (కడప, మోడెమ్ డిజైన్ ఇంజనీరు)

కాదు, అది మీరు వాడుతున్న గార్డ్‌నర్ టైమింగ్ ఎర్రర్ డిటెక్టర్ స్వభావం. గార్డ్‌నర్ 1986లో ఆ డిటెక్టర్‌ను సుమారు 40 నుంచి 100 శాతం అదనపు బ్యాండ్‌విడ్త్ ఉన్న సిగ్నళ్ల కోసమే ప్రతిపాదించారు. రోల్-ఆఫ్ తగ్గేకొద్దీ దాని గెయిన్ పడిపోయి, డేటా వల్లనే పుట్టే సెల్ఫ్-నాయిస్ పైకి తేలుతుంది. లూప్ బ్యాండ్‌విడ్త్‌ను (సవరణ ఎంత వేగంగా జరగాలో తేల్చేదాన్ని) సింబల్ రేటులో 0.01 నుంచి 0.002కు దించి చూడండి. లాక్ కావడానికి ఎక్కువ సమయం పడుతుంది, అయినా 50 పీపీఎం జారుడును రెండో ఆర్డర్ లూప్ (జారే వేగాన్ని కూడా అంచనా కట్టేది) తేలికగానే తట్టుకుంటుంది.