పుట్టినరోజు విందుకు పేరుపొందిన కొత్త రెస్టారెంటా, ఇద్దరికీ అలవాటైన చోటా?

ఎదురుచూపు:
వచ్చే నెలలో నా భార్యకు 40 ఏళ్లు నిండుతున్నాయి. ఆ రాత్రి భోజనం ఆమెకు చాలాకాలం గుర్తుండిపోవాలని నా కోరిక, కానీ రెండు చోట్ల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. ఒకటి, ఈ మధ్యనే తెరిచిన, అందరూ మెచ్చుకుంటున్న రెస్టారెంట్. అక్కడ మనం కోరినవి కాక, వంటవారు నిర్ణయించిన వరుసలో వడ్డిస్తారు. భోజనం పూర్తికావడానికి మూడు గంటలు పడుతుంది. రెండోది, పెళ్లికి ముందు నుంచీ మేమిద్దరం వెళుతున్న చిన్న చోటు. ఎక్కడికైనా సరే, ముందుగా చెప్పకుండానే తీసుకెళ్లాలనుకుంటున్నాను. మీరైతే ఏది ఎంచుకుంటారు, ఎందుకు?

కొత్తబాట:
నిస్సందేహంగా కొత్త చోటే. అలవాటైన రెస్టారెంట్‌లో గడిపిన సాయంత్రాలు కొంతకాలానికి ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఏది పుట్టినరోజో ఏది మామూలు ఆదివారమో వేరుచేసి చెప్పలేని స్థితి వస్తుంది. చుట్టూ ఉన్నవాటికి భిన్నంగా కనిపించేదే బాగా గుర్తుంటుందని మనస్తత్వ పరిశోధకురాలు హెడ్విగ్ ఫాన్ రెస్టార్ఫ్ 1933లోనే ప్రయోగాలతో చూపారు. దంపతుల విషయానికే వస్తే, 2000లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ ఏరన్, ఆయన సహ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, కొత్తదైన, హుషారు పుట్టించే పనిని కలిసి చేసిన జంటలకు తమ బంధం పట్ల సంతృప్తి మరింత పెరిగినట్లు తేలింది. పాత చోటికి ఏ వారమైనా వెళ్లవచ్చు. 40వ పుట్టినరోజు మళ్లీ రాదు.

వడ్డనశాల:
నేను కొన్నేళ్లు రెస్టారెంట్‌లో వడ్డన పని చేశాను కనుక, మీరిద్దరూ పట్టించుకోని సంగతి ఒకటి చెబుతాను. సాయంత్రాన్ని నిలబెట్టేదీ చెడగొట్టేదీ చాలాసార్లు రెస్టారెంట్ పేరు కాదు, మీకు దొరికే టేబుల్. వంటగది తలుపు పక్కన, చేతులు కడుక్కునే చోటికి వెళ్లే దారిలో, స్పీకరు కింద, ఏసీ గాలి నేరుగా మెడకు తగిలే చోట కూర్చున్నవారు ఎంత గొప్ప వంట తిన్నా ఎప్పుడు లేద్దామా అనే చూస్తారు. బుకింగ్ చేసేటప్పుడే ఇద్దరికి గోడవారగానో మూలనో టేబుల్ కావాలని, అది పుట్టినరోజని, అయినా సిబ్బంది చుట్టూ చేరి చప్పట్లు కొట్టడం వద్దని (ఆమెకు నిజంగా ఇష్టమైతే తప్ప) స్పష్టంగా చెప్పండి.

ఒకే టేబుల్‌ను రాత్రికి రెండు విడతలుగా ఇచ్చే చోట్లు చాలా ఉన్నాయి. అక్కడ మొదటి విడతకు వచ్చినవారిని, తర్వాతి అతిథుల కోసం, మాటల మధ్యలో లేవమని అడగవలసి వస్తుంది. నేనే ఎన్నోసార్లు అడిగాను. అప్పటిదాకా నవ్వుతున్న ముఖాలు ఒక్కసారిగా వాడిపోవడం ఇప్పటికీ మరచిపోలేదు. రెండో విడతే తీసుకోండి.

ఇక ముగింపు. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ బృందం చేసిన ఒక ప్రయోగంలో, నొప్పి పుట్టించే 14 డిగ్రీల చన్నీటిలో 60 సెకన్లు చేయి ఉంచడం, ఆ 60 సెకన్ల తర్వాత నీటిని కొద్దిగా వెచ్చబరుస్తూ మరో 30 సెకన్లు ఉంచడం అనే రెండింటిలో ఏది మళ్లీ చేస్తారని అడిగితే, ఎక్కువమంది పొడవైన రెండోదాన్నే ఎంచుకున్నారు. అనుభవం ఎంతసేపు సాగిందన్న దానికంటే, దాని తీవ్రమైన ఘట్టమూ చివరి ఘట్టమూ జ్ఞాపకాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయన్నమాట. కానీ రెస్టారెంట్‌లో చివరి ఘట్టం దాదాపు ఎప్పుడూ బిల్లు కోసం ఎదురుచూడటమే. వీలైతే ఆ లెక్క ముందే తేల్చేసుకోండి.

నెమ్మది:
నా భర్తకు వినికిడి కొంత తక్కువ. కిందటేడు ఆయన పుట్టినరోజుకు నేనూ అందరూ పొగిడిన చోటే ఎంచుకున్నాను. వంట అద్భుతంగా ఉంది, ఆయన భోజనం పొడవునా నవ్వుతూ తల ఊపారు. కారెక్కాక, "ఇందాక నా గురించి ఏదో చెప్పావు, ఏమిటది?" అని అడిగారు. రాత్రంతా నేను చెప్పదలచుకున్న ఒకే ఒక మాట ఆయనకు వినిపించలేదు.

మామూలు సంభాషణ దాదాపు 60 డెసిబెల్స్ ఉంటుంది. కిక్కిరిసిన హాలులో 80 దాటడం అరుదు కాదు. చుట్టూ శబ్దం పెరిగితే మనం తెలియకుండానే గొంతు పెంచుతామని ఫ్రెంచ్ వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లో వివరించారు. ఒక్కో టేబుల్ గొంతు పెంచేకొద్దీ హాలు మొత్తం ఇంకా హోరెత్తుతుంది. ఈ సంగతి పొగడ్తల్లో కనిపించదు. రెస్టారెంట్లకు గుర్తింపునిచ్చే మిషెలిన్ గైడ్ 1926 నుంచి ఇస్తున్న నక్షత్రాలు కూడా వంటకే గాని, ఎదురుగా కూర్చున్న మనిషి మాట వినబడుతుందా లేదా అన్నదానికి కాదు.

కొత్తబాట:
శబ్దం గురించి మీరన్నది ఒప్పుకుంటాను, నేనా కోణంలో ఆలోచించలేదు. అయినా అది కొత్త చోట్లన్నిటి దోషం కాదు. ప్రశాంతంగా ఉండే కొత్త చోటును వెతకవచ్చు కదా.

నెమ్మది:
వెతకవచ్చు. అయితే మీరు చెప్పిన ఏరన్ అధ్యయనంలో ఆ జంటలు ఏం చేశారో చూడండి. మణికట్టూ చీలమండా ఒకరితో ఒకరికి కట్టి ఉండగా, నేలమీద పాకుతూ అడ్డంకి దాటి, ఇద్దరూ కలిసి ఒక దిండును చేతులతో పట్టుకోకుండా మోశారు. అక్కడ ఇద్దరికీ సమానంగా పని ఉంది. ముందుగా చెప్పకుండా తీసుకెళ్లినప్పుడు ఎంపికలోని సరదా అంతా ఒక్కరిదే అవుతుంది, రెండోవారికి మెచ్చుకోవడమే మిగులుతుంది.

వడ్డనశాల:
పైగా వరుసగా వడ్డించే చోట, ఏం తినరో, ఏది పడదో ముందే అడుగుతారు. ఆమె తరఫున మీరు సరిగ్గా చెప్పగలరా?

ఎదురుచూపు:
ఆ చివరి ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదని గ్రహించి, నిన్న రాత్రి ఆమెనే అడిగాను. కొత్త చోటు చూడాలని తనకూ ఉందట, కానీ పుట్టినరోజున కాదు. ఆ రోజు గడియారం చూడకుండా నాతో మాట్లాడాలని ఉందని చెప్పింది. పాత చోట కిటికీ పక్క టేబుల్‌ను రెండో విడతకు బుక్ చేశాను, బిల్లు ముందే కట్టేందుకు ఒప్పుకున్నారు. కొత్తదానికి వెళ్లే తేదీని ఆమే ఎంచుకుంటోంది.