కాలిఫోర్నియా మస్టాంగ్‌ని జర్మనీకి తెప్పించుకోవచ్చా?

స్టుట్‌గార్ట్‌లో ఉంటున్నాం. 1966 ఫోర్డ్ మస్టాంగ్, అదీ 289 వీ8 ఇంజన్‌దే కొనాలని ఎన్నాళ్లుగానో కోరిక. కాలిఫోర్నియాలో ఒకటి బాగా నచ్చింది. ఫొటోల్లో పెయింట్ తళతళలాడుతోంది కానీ, డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ అంచున తుప్పు మరక ఉంది. ఈ కార్లలో ముందు అద్దం కింద ఉండే రేకు భాగం (కౌల్) తుప్పుపట్టి నీళ్లు లోపలికి కారతాయి, అదే నా టెన్షన్. అమ్మే ఆయన మాత్రం ఏమీ లేదంటున్నారు.

కలెక్టర్ కారుగా ఒప్పుకుంటే కస్టమ్స్ సుంకం ఉండదు, దిగుమతి పన్ను కూడా 19 బదులు 7 శాతమే. 30 ఏళ్లు దాటింది కాబట్టి, అసలు రూపంలో బాగుంటే, జర్మనీలో పాతకాలపు కార్లకిచ్చే హెచ్ నంబరు ప్లేటుకీ దరఖాస్తు పెట్టొచ్చు. పన్నుల సంగతి సరే.

బ్రెమర్‌హావెన్ రేవుకి ఇలా తెప్పించుకున్నవాళ్లు ఉన్నారా? కాలిఫోర్నియాలోనే కారు కిందకి దూరి చూసి నిజం చెప్పే మెకానిక్‌ని ఎలా పట్టుకున్నారు? ధర ఎక్కువైనా, నెదర్లాండ్స్‌లో ఇప్పటికే దిగిన కారు కొనడమే మేలంటారా? దయచేసి చెప్పండి.